జీడిపిక్కల మిషనూ, ఇద్దరు పేటెంట్ ఏజెంట్లూ

కాశీబుగ్గలో మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. పలాస చుట్టుపక్కల జీడి ఫ్యాక్టరీలకి పిక్కలు కోసే మిషన్లు చేస్తాం, పాతవి బాగుచేస్తాం. కొన్నేళ్ల కిందట కత్తుల అమరికలో ఒక మార్పు చేసి, దానికి పేటెంటు తెచ్చుకున్నాం. ఆ దారిలో పేటెంట్లు వెతికే ఉచిత వెబ్‌సైట్లు వాడాను, పేటెంట్ ఆఫీసు ఆన్‌లైన్ పద్ధతి చూశాను, మన తరఫున దరఖాస్తు రాసి నడిపే పేటెంట్ ఏజెంట్లు ఇద్దరి చేత పని చేయించుకున్నాను. "ఏటి బాబూ, అంత ఖర్చుకి తగ్గ పనేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే ఇది.

ముందు ఊరికే దొరికేదాని సంగతి. గూగుల్ పేటెంట్స్, యూరప్ పేటెంట్ ఆఫీసువాళ్ల ఎస్పాస్‌నెట్, ఈ రెండూ నాకు రోజూ తెరిచే పుస్తకాలైపోయాయి. మాటలు కొట్టి వెతికితే చెత్త ఎక్కువ వస్తుంది. ప్రపంచంలో దాదాపు ప్రతి పేటెంటుకీ ఒక వర్గీకరణ గుర్తు ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. గట్టి పెంకు గింజలు పగలగొట్టే, తొక్క తీసే మిషన్లన్నీ ఏ23ఎన్ 5/00 కింద ఉంటాయి. ఆ గుర్తుతో వెతికిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జీడి, వాల్‌నట్, బాదం, ఏ గింజకి ఎవరు ఏ కత్తి పెట్టారో బొమ్మలతో సహా ఉంది. చైనావాళ్ల పత్రాలని గూగుల్ ఇంగ్లీషులోకి మారుస్తుంది. ఆ ఇంగ్లీషు వంకరగా ఉన్నా, బొమ్మ పక్కన పెట్టుకుంటే మెకానిక్కుకి అర్థమైపోతుంది. పైగా మన దేశంలో పేటెంటు గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్లే. గడువు తీరినది ఎవరైనా చేసుకోవచ్చు. మా షాపులో ఇప్పుడు వాడుతున్న ఒక పిక్క పట్టే గిన్నె అలా గడువు తీరిన పత్రంలో చూసి చేసిందే. దీనికి పైసా ఖర్చు లేదు.

మన పేటెంట్ ఆఫీసు సొంత సైటు ఇన్‌పాస్. నిదానం. ప్రతిసారీ క్యాప్చా. అయినా వదలకూడదు. మన దేశంలో పెట్టిన దరఖాస్తు మీద దాన్ని పరిశీలించే ఎగ్జామినర్ ఏం అడిగాడు, ఏజెంటు ఏం జవాబిచ్చాడు అన్న ఉత్తరాలు అక్కడ చదవొచ్చు. ఏజెంటుని ఎంచుకునే ముందు ఆయన రాసిన రెండు మూడు జవాబులు చదివితే మనిషి పనితనం తెలిసిపోతుంది. నేను రెండో ఏజెంటుని అలాగే పట్టుకున్నాను.

ఏజెంటు అంటే అందరూ లాయరే అనుకుంటారు. సైన్సు గానీ ఇంజినీరింగు గానీ డిగ్రీ ఉండి, పేటెంట్ ఆఫీసు పెట్టే పరీక్ష పాసైనవాళ్లే ఎక్కువగా పేటెంట్ ఏజెంట్లు. వాళ్లకి 'ఐఎన్/పీఏ' అని మొదలయ్యే నంబరు ఉంటుంది, జాబితా ఆఫీసు సైటులోనే ఉంది. ఒట్టి లా డిగ్రీతో పేటెంట్ ఏజెంటుగా పని చేయకూడదు. అలాగే ఏజెంటు కోర్టులో వాదించలేడు, దావా వేస్తే అడ్వకేటు కావాలి. రెండూ ఉన్నవాళ్లు కొందరు. నంబరు అడిగితే మాట మార్చే 'కన్సల్టెంట్' కనిపిస్తే అక్కడే దండం పెట్టి వచ్చేయండి.

ఇక అసలు సంగతి. జీడిపిక్క పెంకులో రెండు పొరల మధ్య చర్మం కాల్చే నూనె ఉంటుంది. కత్తి పెంకుని కోయాలి, లోపలి పప్పుని తాకకూడదు. గుండు పప్పుకీ బద్దకీ ధరలో తేడా ఎంతో మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. కాలితో తొక్కితే రెండు వంపు కత్తులు దగ్గరికొచ్చి కోస్తాయి, చేతి మీటతో పెంకు విప్పుతారు. పిక్క సైజు మారినప్పుడల్లా కత్తుల మధ్య ఎడం సర్దుకోవాలి. అది దానంతటదే సర్దుకునేలా మేం ఒక స్ప్రింగు అమరిక చేశాం.

మొదటి ఏజెంటు ఫోన్లోనే అంతా అడిగాడు, ఫొటోలు పంపమన్నాడు. వారం తిరక్కుండా ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే తాత్కాలిక దరఖాస్తు, పెట్టేశాడు. అంతవరకు బాగుంది. ప్రొవిజనల్ పెట్టాక 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే మొత్తం వివరాల పత్రం, పెట్టాలి. దానికి ఆయన పంపిన చిత్తుప్రతి చూస్తే మా మిషన్ని ఉన్నదున్నట్టు వర్ణించి పెట్టాడు. ఫలానా మందం కత్తి, ఫలానా స్ప్రింగు, ఫలానా సైజు బోల్టు. పేటెంటులో చట్టం కాపాడేది చివర ఉండే క్లెయిముల్ని. పొలం దస్తావేజులో నాలుగు పక్కల హద్దుల్లాంటివి అవి. ఈయన రాసిన హద్దుల్లో నా మిషను తప్ప ఇంకోటి పట్టదు. పక్క వీధివాడు బోల్టు సైజు మారిస్తే చాలు, బయటపడతాడు.

దాంతో ఏజెంటుని మార్చాను. రెండో ఆవిడ మెకానికల్ ఇంజినీరు. వీడియో కాల్లో మిషను నడిపి చూపించమంది. ఆమె అడిగిన ప్రశ్నలు నాకు ఇంకా గుర్తే.

"స్ప్రింగు బదులు బరువు వేలాడదీస్తే పనిచేస్తుందా అండీ?"

"చేస్తుంది మేడమ్, కొంచెం నిదానంగా."

"రబ్బరు దిమ్మ పెడితే?"

"అదీ చేస్తుంది గానీ, నూనె తగిలి రబ్బరు పాడైపోద్ది."

"పాడవనివ్వండి. పనిచేస్తుందా లేదా?"

ఆ మూడూ స్పెసిఫికేషన్లో బొమ్మలతో సహా ఎక్కించి, మొదటి క్లెయిములో స్ప్రింగు అనే మాటే లేకుండా రాసింది. స్ప్రింగు రెండో క్లెయిములోకి వెళ్లింది, బరువు మూడోదానిలోకి. ఇది ముందే చేయాలి. దరఖాస్తులో లేని విషయాన్ని తర్వాత చేర్చడానికి చట్టం ఒప్పుకోదు, ఉన్నదాన్ని కుదించుకోవచ్చు అంతే. ఎగ్జామినర్ పాత పత్రాలు కొన్ని చూపించి అభ్యంతరం పెట్టినప్పుడు మేం మొదటి క్లెయిముని కొంత కుదించాం, అయినా బరువు లోపలే మిగిలింది. హియరింగు వీడియోలోనే జరిగింది, పేటెంట్ ఆఫీసుకని చెన్నై వెళ్లే పని పడలేదు.

ఈ పిచ్చి పట్టాక పాత పేటెంట్ల వెనక ఎవరున్నారా అని చదవడం మొదలుపెట్టాను. రైట్ సోదరులు 1903లో సొంతంగా రాసుకొని దరఖాస్తు పెడితే ఆఫీసు తిప్పికొట్టింది. తర్వాత హ్యారీ టౌల్మిన్ అనే ఒహాయో అటార్నీ దగ్గరికెళ్లారు. 1906లో వచ్చిన పేటెంటులో ఇంజను ఊసే లేదు. గాలిలో విమానాన్ని అదుపు చేసే పద్ధతి మీద రాశాడాయన. రైట్ సోదరులు రెక్కల్ని మెలితిప్పేవారు. కర్టిస్ అనే పోటీదారు మెలి తిప్పకుండా రెక్కకి విడి పలకలు పెట్టాడు, అయినా కోర్టులో తప్పించుకోలేకపోయాడు. మా బరువు, రబ్బరు కథ అదే. జిరాక్సు కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ అయితే తానే పేటెంట్ల విభాగంలో పనిచేసేవాడు. కాగితాలకి నకళ్లు రాయలేక విసిగి ఆ పనిలో దిగాడట. 1942లో పేటెంటొచ్చింది.

మా రెండో ఏజెంటావిడకి నేను ఎక్కువ మార్కులు వేసేది మాత్రం ఆమె రాయనన్న దరఖాస్తుకి. పిక్కలు ఆరబెట్టే ట్రేలో ఒక మార్పు చేసి, దీనికీ పెడదాం అన్నాను. 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదవమని పంపింది. మీర్జాపూర్‌లో గిన్నెలు తయారుచేసే పద్ధతి మీద పేటెంటు. లేతు మీద మెరుగు పెడుతుంటే గిన్నె ఎగిరి పనివాడికి తగలకుండా చేసిన మార్పు అది. మంచి మార్పే. కానీ పనితెలిసిన మేస్త్రి ఎవరైనా చేయగల మెరుగుదల అని కోర్టు కొట్టేసింది. "మీ ట్రే కూడా అంతేనండీ" అంది, ఫీజు అడగలేదు. మొదటాయనైతే ఆనందంగా పెట్టేసేవాడు.

ఖర్చు. ఆఫీసు ఫీజు వ్యక్తులకి, స్టార్టప్‌లకి, చిన్న సంస్థలకి తక్కువే. ఆన్‌లైన్ దరఖాస్తుకి 1600, దాన్ని ఎగ్జామినర్ పరిశీలించమని కోరడానికి 4000. పది దాటిన ప్రతి క్లెయిముకీ 320. పేటెంటు నిలుపుకోవడానికి మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది వరకు ఏటా 800, అక్కణ్నుంచి పెరుగుతూ చివరి ఐదేళ్లూ ఏటా 8000. డబ్బంతా పోయేది ఏజెంటుకే. ఫారాలు నింపడం, ఫీజు కట్టడం ఎవరికైనా వస్తుంది. క్లెయిములు రాయడానికి, ఎగ్జామినర్‌కి జవాబివ్వడానికి మాత్రం జేబు విప్పండి. ఆ పరిశీలన కోరే ఫారం 18కి గడువు, 2024 మార్చి 15 నుంచి పెట్టిన దరఖాస్తులకి, మొదటి దరఖాస్తు తేదీ నుంచి 48 నెలలు కాదు, 31 నెలలు. పాత వీడియోలు చూసి మోసపోకండి.

పేటెంటు ఉంటే కాపీ కొట్టరా అంటే, కొడతారు. సర్కారు వచ్చి ఆపదు, దావా మనమే జిల్లా కోర్టులో వేసుకోవాలి. అవతలివాడు అసలు పేటెంటే చెల్లదని ఎదురు తిరిగితే కేసు హైకోర్టుకి పోతుంది. ఒకాయన సరిగ్గా స్ప్రింగు తీసేసి బరువు వేలాడదీసి మిషన్లు అమ్మాడు. మూడో క్లెయిముతో నోటీసు వెళ్లింది. మానేశాడు, కనీసం బాహాటంగా అమ్మడం మానేశాడు. ఆ ఒక్క నోటీసుతో ఏజెంటు ఫీజు నాకు గిట్టుబాటైంది.

బుడితి కంచు, ఇత్తడి పనివాళ్లు, బొబ్బిలి వీణ చేసేవాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు. తరాలుగా చేస్తున్న పద్ధతికి పేటెంటు రాదు, అది ఏ ఒక్కరిదీ కాదు కదా. ఆ రెండిటికీ ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) ఎలాగూ ఉంది. కొత్త ఆకారంలో ఒక దీపపు కుందె చేశారనుకోండి, దానికి ఆకారాన్ని కాపాడే డిజైన్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది. వ్యక్తులకి ఫీజు 1000, పదేళ్లు వర్తిస్తుంది, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. అన్ని పక్కల నుంచి తీసిన మంచి ఫొటోలు కావాలి. ఆ కుందెని షాపులో గానీ వాట్సాప్ స్టేటస్‌లో గానీ పెట్టకముందే దరఖాస్తు వెళ్లిపోవాలి.