తలుపుకు తగిలించే భుజం పుల్లీ: వాడి చూశాక

బండి మీద నుంచి పడి భుజం ఎముక విరిగి, కొన్ని వారాలు స్లింగులో ఉన్న చేయి బిగుసుకుపోవడంతో, ఇంట్లో వ్యాయామానికి పనికొస్తుందని ఫిజియోథెరపిస్టు చెబితే ఈ పుల్లీని తెప్పించుకున్నాను. కొన్ని వందల రూపాయల వస్తువు. తలుపు పైఅంచున తగిలించే పట్టీ, చిన్న కప్పీ, నైలాన్ తాడు, రెండు పిడులు తప్ప ఇందులో మరేమీ ఉండవు.

నొప్పి విషయంలో మాత్రం ఇది చేసే మేలు చిన్నది కాదు. మరొకరు మన చేతిని పట్టుకొని పైకి లేపుతున్నప్పుడు, నొప్పి ఎక్కడ మొదలవుతుందో తెలియక భుజం చుట్టూ ఉన్న కండరాలు ముందుగానే బిగుసుకుంటాయి. ఆ బిగువు వల్ల రావలసిన నొప్పి కంటే ఎక్కువే వస్తుంది. ఇక్కడ బాగున్న చేయి తాడును కిందికి లాగితేనే దెబ్బతగిలిన చేయి పైకి లేస్తుంది కాబట్టి, ఎక్కడ ఆపాలన్నది పూర్తిగా మన నిర్ణయమే. లేపేటప్పుడు ఊపిరి వదులుతూ లేపడం, అంతకుముందు 10 నుంచి 15 నిమిషాలు వేడి కాపడం పెట్టుకోవడం నాకు బాగా ఉపకరించాయి. నిజానికి చేయి పైకి వెళ్లేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువగా కలుక్కుమంటుంది. తాడును ఒక్కసారిగా వదలకుండా మెల్లగా దించాలన్న మాట పెట్టెలోని సూచనల కాగితంలో లేకపోవడం లోపమే.

మా ఫిజియో చెప్పిన కొలత ప్రకారం, 0 నుంచి 10 వరకు లెక్కవేసుకుంటే నొప్పి 4 దాటకూడదు, వ్యాయామం ఆపిన కొద్దిసేపటికే తగ్గిపోవాలి. రాత్రి నిద్ర పట్టనివ్వకపోయినా, మర్నాటికీ సలుపుతున్నా, ఆ రోజు ఎత్తు తగ్గించుకోవాలి. వేళ్లలో తిమ్మిరి వస్తే అసలు ఆపేసి వైద్యుడికి చెప్పాలి.

ఇక ఇబ్బందులు. మన ఇళ్లలోని రెండు రెక్కల తలుపులకు ఈ పట్టీ సరిగా ఇమడదు; వానాకాలంలో ఉబ్బిన కర్ర తలుపైతే పట్టీ పెట్టాక మూసుకోనే మూసుకోదు. తలుపు మనవైపు తెరుచుకునే పక్కన కూర్చొని లాగితే తలుపే మీదికి వస్తుంది, కాబట్టి రెండో పక్కన కూర్చొని గడియ వేసుకోవడం తప్పనిసరి (పిల్లలున్న ఇంట్లో మరీను). నునుపైన ప్లాస్టిక్ పిడులు అరచేతి చెమటకు జారుతాయి. నేను పాత తువ్వాలు ముక్క చుట్టుకున్నాను.

ఇది చేతిని ముందుకీ పక్కకీ పైకెత్తడానికే ఎక్కువగా పనికొస్తుంది. మోచేతిని ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పే వ్యాయామానికి మామూలు చేతికర్రే మేలు. భుజం కండరానికి శస్త్రచికిత్స జరిగినవారు సర్జన్ అనుమతి లేకుండా దీన్ని ముట్టుకోకూడదు. తాడుతో లేపుతున్నా కుట్లు వేసిన కండరం కొంత పనిచేస్తూనే ఉంటుంది. కొనదలచినవారు తాడు పొడవును సవరించుకునే వీలు, లోహపు కప్పీ ఉన్న రకాన్ని ఎంచుకోవచ్చు. నా దగ్గరున్న ప్లాస్టిక్ కప్పీ అప్పుడే కీచుమంటోంది.