హైదరాబాద్–విశాఖ విమానం: గంటా పావు ప్రయాణానికి పట్టే అసలు సమయం

హైదరాబాదుకూ విశాఖపట్నానికీ మధ్య ఏళ్ల తరబడి విమానంలో తిరుగుతున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. టికెట్టు మీద కనిపించే గంటా పావును నమ్ముకుని పనులు పెట్టుకోకూడదు. అయినా పగటిపూట ఈ మార్గంలో విమానానికి సాటి వచ్చేది మరొకటి లేదు.

రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా కొలిస్తే దూరం సుమారు 510 కిలోమీటర్లు. కారులో సూర్యాపేట, విజయవాడ, రాజమహేంద్రవరం మీదుగా వెళితే అది 600 దాటుతుంది. కాజీపేట, ఖమ్మం మీదుగా విజయవాడకు దిగి అక్కడి నుంచి కోస్తా వెంట పైకి వెళ్లే రైలుకు 700 దాకా అవుతుంది. తిన్నని దారిలో ఉన్నవి మన్యం అడవులు, తూర్పు కనుమలు కాబట్టి నేల మీది ప్రయాణానికి ఈ చుట్టు తప్పదు. మబ్బులు లేని ఉదయం భద్రాచలానికీ పాపికొండలకూ నడుమ గోదావరి మెలికలు కిందుగా కనిపిస్తాయి. ఆ కాసేపటి కోసమే నేను ఇప్పటికీ కిటికీ పక్క సీటే అడుగుతాను.

టికెట్టులోని గంటా పావు విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేదాకా వేసిన లెక్క. గాలిలో ఉండేది సాధారణంగా గంటలోపే. ఇంత తక్కువ దూరంలో ఆకాశంలో పైకి లేవడానికి, కిందికి దిగడానికే ఎక్కువ సమయం పోతుంది కనుక జెట్ విమానం తన పూర్తి వేగంతో నడిచేది కొద్దిసేపే. అందువల్ల గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం కూడా మరీ వెనకబడదు. చలికాలంలో పడమటి గాలి తోడై విశాఖ వెళ్లేటప్పుడు కొన్ని నిమిషాలు కలిసివస్తాయి, వచ్చేటప్పుడు అవే పోతాయి.

అసలు సమయం నేల మీద ఖర్చవుతుంది. 2008లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాక, కూకట్‌పల్లి వైపు ఉండేవారికి అవుటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లినా గంటకు పైగా పడుతోంది. సామాను ఇచ్చే కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడ ఉండాలి. విశాఖలో దిగి, సామాను తీసుకుని ఎంవీపీ కాలనీ చేరేసరికి మరో గంటా పావు. అన్నీ కలిపితే ఇంటి నుంచి ఇంటికి అయిదు గంటలు.

2023 జనవరిలో మొదలైన వందేభారత్ రైలుకు సికింద్రాబాద్ నుంచి విశాఖకు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. స్టేషన్లకు వెళ్లిరావడం కలిపితే పది. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావలసిన పనికి అది పనికిరాదు. కానీ మరునాడు పొద్దున పని ఉన్నవారికి నేను విమానం చెప్పను. సాయంత్రం ఎక్కితే తెల్లవారుజామున దింపే గోదావరి ఎక్స్‌ప్రెస్ నిద్రలోనే దూరాన్ని దాటించి లాడ్జి ఖర్చు మిగులుస్తుంది.

ఇదంతా నౌకాదళ స్థావరమైన ఐఎన్ఎస్ డేగలోని విమానాశ్రయాన్ని బట్టి వేసిన లెక్క. కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం నగరానికి ఉత్తరాన దాదాపు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది కనుక, విమానాలు అక్కడికి మారితే గాజువాక, అనకాపల్లి వారికి ఈ అయిదు గంటలు ఆరవుతాయి, విజయనగరం, శ్రీకాకుళం వారికి మాత్రం తగ్గుతాయి.