క్లిప్పులా, అలైనర్లా? రెండో డాక్టర్ దగ్గరే తేలింది

మా పాపకి 13 ఏళ్లు. పై కోరపన్ను చోటు చాలక వరస పైకి ఎక్కి కూర్చుంది. మొదట వెళ్లిన క్లినిక్‌లో ఎక్స్‌రే కూడా తీయకుండానే అలైనర్లు, అంటే పళ్లకి తొడిగి తీసేసుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు, పెట్టేద్దామన్నారు. నాకు మనసొప్పలేదు.

రెండో చోట చూసినావిడ ఆర్థోడాంటిస్ట్. డెంటిస్ట్ చదువు పూర్తయ్యాక పళ్ల వరస సరిచేయడంలోనే రెండు మూడేళ్లు ప్రత్యేకంగా చదివినవారన్నమాట. ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఈ సంగతి అడగండి. ఆవిడ దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే, పక్కనుంచి తల ఎక్స్‌రే, ఫొటోలు, పళ్ల అచ్చులు తీసుకుని వారం తర్వాత రమ్మన్నారు. ఆ రోజు మాతో ముప్పావుగంట కూర్చున్నారు. అలైనర్లు రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలట. తీసి ఎక్కడో పెట్టి మరిచిపోయే పిల్లలకి కష్టం. సిరామిక్ క్లిప్పులు పంటి రంగులో కలిసిపోతాయి కానీ మెటల్ కన్నా త్వరగా విరుగుతాయి. పన్ను పీకాలా అని పాప వణుకుతూ అడిగితే, ఎక్స్‌రే చూపించి, అక్కర్లేదని తనకే వివరించారు. నా టెన్షన్ అక్కడే సగం తగ్గింది.

మెటల్ క్లిప్పులే వేయించాం. 20 నెలలు పట్టింది. బిగించిన ప్రతిసారీ రెండు రోజులు మెత్తని అన్నమే. ఒకే లోటు, వెయిటింగ్ చాలా ఎక్కువ. ఇప్పుడు రాత్రిపూట రిటైనర్ పెట్టుకుంటోంది. మానేస్తే పళ్లు మళ్లీ కదులుతాయని మొదటి రోజే చెప్పారు.