మంచాన పడ్డ పెద్దలకు హోమ్ మేలా, ఇంట్లో మనిషి మేలా?

కొడుకు కువైట్‌లో, కూతురు బెంగళూరులో, ఇంటి దగ్గర నాన్నకేమో పక్షవాతం. కడప చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు చాలానే కనిపిస్తాయి. ఫోన్లలో నడిచే చర్చ ఒకటే: వృద్ధులను చూసుకునే హోమ్‌లో చేర్పిద్దామా, ఏజెన్సీకి చెప్పి ఇంటికే మనిషిని పెట్టుకుందామా?

పెద్దాయన లేచి తిరుగుతూ, మతి బాగుంటే ఇల్లే మేలు. వంటకూ తోడుకూ పగలు ఒకరుంటే చాలు, సంగటి కూడా తనకు నచ్చినట్టు చేయించుకుంటాడు. చిక్కంతా మంచాన పడ్డాకే.

మంచం మీదున్న మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రిళ్లు కూడా. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఒక్కరే లాగి తిప్పితే చర్మం పరుపుకు రాసుకుని లేచిపోతుంది. ఇద్దరు చెరోవైపు దుప్పటి పట్టుకుని, కాస్త ఎత్తి తిప్పాలి. ఇంట్లో పెట్టుకున్న మనిషేమో ఒక్కతే. ‘ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది సార్’ అని ఏజెన్సీవాళ్లు గొప్పగా చెబుతారు. మరి ఆమె పడుకునేదెప్పుడు? నాలుగు రాత్రులు వరసగా నిద్ర లేకపోతే అలారం మోగినా మెలకువ రాదు, అది ఆమె తప్పు కాదు. మనమిచ్చే డబ్బులో కమిషన్ పోగా ఆమె చేతికెంత వస్తుందో మనకు తెలియదు. ఆమె ఊరికి పోయిన రోజు ఇల్లంతా టెన్షన్.

హోమ్‌కున్న బలం షిఫ్టులు. అవి కాగితం మీదేనా, నిజంగా ఉన్నాయా అన్నదే చూడాల్సింది. పగలు వెళ్తే నేల తళతళలాడుతుంది, ఆఫీసు గదిలో ఏసీ ఉంటుంది. వాటితో నాకు పని లేదు. రాత్రి ఎంతమంది ఆయాలు, ఒక్కొక్కరికి ఎన్ని మంచాలు, ఎన్నాళ్లుగా చేస్తున్నారు అని అడుగుతాను, వీలైతే ఆయాలనే. రెండు నెలలకో ఆయా మారే చోట, ఫలానా తాతకు నీళ్లు పొరబోతాయి, జావ చిక్కగా కలిపి కూర్చోబెట్టి తాగించాలని గుర్తుండేది ఎవరికి? వాళ్లయినా ఎందుకుంటారు? ఇదే చాకిరీకి కువైట్‌లో ఎక్కువొస్తుందని కడప వైపు ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా! సిబ్బందికి ఈఎస్ఐ కార్డుందా, వారానికో సెలవుందా అని కూడా అడగండి. యజమాని విసుక్కుంటే అక్కడికే సగం తెలిసిపోతుంది.

చేర్పించాక ఒకరోజు చెప్పకుండా వెళ్లి మడమలు చూడండి. కమిలినట్టున్న చోట వేలితో నొక్కితే రంగు మారకుండా అలాగే ఉంటే పుండు మొదలవుతున్నట్టే. మే నెలలోనైతే నాలుక ఎండిందేమో కూడా చూడండి.

నా మాట అడిగితే, మంచాన పడ్డవాళ్లకు రాత్రిపూట కనీసం ఇద్దరు మెలకువగా ఉండే హోమే మేలు. అది దొరక్కపోతే ఇంట్లోనే పగలొకరు, రాత్రొకరు. తిప్పేటప్పుడు ఇంటివాళ్లు ఒక చెయ్యి వేయాలి. ఖర్చు రెట్టింపవుతుంది, నిజమే. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు అర్హత ఉంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను నెలకు 15,000 రూపాయలు వస్తుంది, సచివాలయంలో కనుక్కోండి. పిల్లల్లో ఎవరైనా పైసా ఇవ్వనని మొండికేస్తే, తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం కింద ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. ఎలా పెట్టాలో 14567కు ఫోన్ చేస్తే చెబుతారు.