నల్లగొండలో ఆ 'హీలింగ్' క్యాంపుకు డబ్బులు కట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. రెండు నెలలుగా మన నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మందుబిళ్లల్లా వచ్చిపడుతున్న ఆ పోస్టర్ మీరంతా చూసే ఉంటారు. తెల్ల కుర్తా, చాచిన చేతులు, వెనక సూర్యోదయం. "బొమ్మ గీయండి, ఊపిరి వదలండి, బాధ మరవండి" అని ఉంటుంది చూడండి, ఆయనే. మొన్న శని, ఆదివారాలు నేను పోయొచ్చింది అక్కడికే. 11,800 రూపాయలు పోయాయి. పోయింది డబ్బొక్కటే అయితే ఈ అర్ధరాత్రి కూర్చుని ఇదంతా టైప్ చేసేదాన్ని కాదు.

మా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. పోయిన దసరాకు ముందు అమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. రాత్రిపూట రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. పొద్దున సొసైటీ ఆఫీసు, పంట రుణాల రెన్యువళ్లు. సాయంత్రం మళ్లీ అమ్మ. ఈ మధ్య కౌంటర్లో కూర్చుంటే ఛాతీ మీద బియ్యం బస్తా పెట్టినట్టు ఉంటోంది. ఈసీజీ తీయించా, బాగానే ఉంది. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అన్నారు డాక్టరు. సరిగ్గా ఆ వారంలోనే ఈ పోస్టర్ కంటపడింది. మాటలతో పనిలేదు, బొమ్మలతో, ఒంటి కదలికలతోనే మనసు తేలికవుతుంది అని ఉంది. నాకు నచ్చింది ఆ ముక్కే. ఎవరికైనా చెప్పుకుందామంటే చెప్పే ఓపిక కూడా లేని రోజులవి.

ఇక నా తెలివితేటలు వినండి. సొసైటీలో రెండు లక్షల లోనుకు పట్టాదారు పాసుబుక్కు, ఆధార్, నో డ్యూస్ అన్నీ తిరగేసి, సంతకం కొంచెం వంకరగా ఉన్నా మళ్లీ పెట్టించే మనిషిని నేను. ఈయనను మాత్రం "ఏం చదువుకున్నారు సార్" అని కూడా అడగలేదు. స్కాన్ చేసి కొట్టేశా. స్క్రీన్ మీద వేరే ఎవరిదో పేరు వచ్చింది. చూశా. చూసి కూడా కొట్టా. పది వేలు ఫీజు, 1,800 జీఎస్టీ అన్నారు. రసీదు మీద జీఎస్టీ నంబరు లేదు. అది గమనించింది ఎప్పుడో తెలుసా? ఇవాళ.

కట్టాక రెండు పేజీల ఫారం పంపారు. పైన లావు అక్షరాల్లో "మీ వివరాలు పూర్తిగా రహస్యంగా ఉంచబడును" అని ఉంది. నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరు, మిమ్మల్ని బాగా బాధపెట్టే ఆలోచన ఏది, ఇలాంటి ప్రశ్నలు. ఆ ఆఖరిదాని దగ్గర చాలాసేపు ఆగాను. చివరికి ఉన్నదున్నట్టు రాశాను: "ఒక్కో రాత్రి అమ్మను తిప్పుతుంటే ఇది ఎప్పటికి అయిపోతుందో అనిపిస్తుంది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది." మా ఆయనకు కూడా చెప్పని మాట అది. ఈ ఫారం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

శనివారం మిర్యాలగూడ రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు. కుర్చీలు పక్కకు నెట్టి చాపలు వేశారు. 26 మందిమి. ఎక్కువమంది నా వయసు ఆడవాళ్లే, గ్రూప్-2కు చదువుతున్న ఇద్దరు అబ్బాయిలు, రైసుమిల్లులో లెక్కలు చూసే ఒక పెద్దాయన. మా వెనక గల్లీ ఆమె కూడా కనిపించి నవ్వింది. తెలిసిన మనిషి ఉందిలే అని ధైర్యం వచ్చింది నాకు. అదీ నా జాతకం.

మొదటిది ఊపిరి ప్రోగ్రాం. కళ్లు మూసుకుని నోటితో గబగబా పీల్చి వదలాలి, ఆపకుండా ముప్పావుగంట. స్పీకర్లలో డప్పుల మోత. పది నిమిషాలకు మూతి చుట్టూ చీమలు పాకినట్టయింది. ఇంకాసేపటికి చేతివేళ్లు వాటంతటవే ముడుచుకుని కొంకర్లు పోయాయి, బొటనవేలు అరచేతిలోకి మడతపడింది, విప్పుదామంటే రాదు. అమ్మ కుడి చెయ్యి అచ్చం అలాగే ఉంటుంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. "సార్, చేతులు..." అన్నా. ఆయన వచ్చి నా భుజాలు చాపకు అదిమిపట్టి మైకులో "చూడండి, ఈమె చేతుల్లోంచి ట్రామా బయటికి పోతోంది, ఆపకండి, ఆపకండి" అన్నాడు. ట్రామా అంటే లోపల మిగిలిపోయిన పాత దెబ్బట. జనం చప్పట్లు. పక్కనున్న పెద్దాయనకు బీపీ ఉందట, మధ్యలోనే లేచి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన్ను "భయస్తుడు" అన్నారు. ఆ గుంపులో బుద్ధి ఉన్నది ఆయనొక్కడికే.

నిన్న మెడికల్ కాలేజీ ఆస్పత్రి సైకియాట్రీ ఓపీలో డాక్టరమ్మకు ఇదే చెప్తే ఆమె నవ్వలేదు, కోప్పడింది. అంత గబగబా ఊపిరి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుందట, దాంతో కాల్షియం లెక్క తప్పి వేళ్లు, మూతి అలా పట్టేస్తాయట. మామూలుగా ఊపిరి తీసుకుంటే కాసేపట్లో సర్దుకుంటుందట. మూర్ఛ ఉన్నవాళ్లు, గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికే పోకూడదంది. ట్రామా పోవడం కాదు నా మొహం! పోయింది కార్బన్ డయాక్సైడ్. దానికి చప్పట్లు కొట్టించాడు.

అయినా ఆదివారం మళ్లీ పోయా. డబ్బులు కట్టాం కదా అని. మధ్యతరగతి బుద్ధి.

ఆదివారం బొమ్మలు. నలుగురికో గుంపు, గుంపుకో పన్నెండు రంగుల క్రేయాన్ల డబ్బా. "మీ మనసులో ఉన్న ఇల్లు గీయండి" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ అరగంట బాగుంది. ఎనిమిదో తరగతిలో డ్రాయింగ్ సారు పోయాక మళ్లీ రంగు పట్టింది ఇప్పుడే. ఇల్లు గీశా, మంచం గీశా, మంచం ఇంటికంటే పెద్దదైంది, సరే అనుకున్నా. తలుపుకు రంగు వేద్దామని చూస్తే డబ్బాలో రెండే మిగిలాయి. ఒకటి విరిగిన లేతాకుపచ్చ, ఒకటి నలుపు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఎరుపూ గోధుమరంగూ రెండూ చేతిలోనే పట్టుకుని వదలడం లేదు. సరేలే అని నలుపే వేశా.

ఆయన మా మధ్య తిరుగుతూ వచ్చి, నన్ను అడగకుండానే కాగితం లాక్కుని పైకెత్తాడు.

"అందరూ ఇటు చూడండి. మంచం ఎంత పెద్దదో చూశారా? తలుపు రంగు చూశారా? నలుపు." కాసేపు ఆగాడు. సినిమాల్లో లాయరు ఆగినట్టు. "ఈ మేడమ్ మంచంలో ఉన్న మనిషి ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తున్నారు. అమ్మ కదా మేడమ్?"

మైకులో. 26 మంది ముందు.

నాకు చెవులు గుయ్యిమన్నాయి. నోటికి వచ్చింది ఒక్కటే: "సార్, డబ్బాలో నలుపే మిగిలిందండీ." కొంతమంది నవ్వారు. ఆయన కూడా నవ్వి, "చూశారా, ఉన్నదాన్ని ఒప్పుకోకపోవడం, దీన్నే డినయల్ అంటారు. బొమ్మ అబద్ధం చెప్పదు" అన్నాడు. మళ్లీ చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుని ఆయనకు దండం పెట్టింది.

బొమ్మ అబద్ధం చెప్పదట! బొమ్మ ఏమీ చెప్పలేదు. ఆయన చదివింది బొమ్మ కాదు, నా ఫారం. 'అయిపోతుందో' అని నేను రాసిన మాటను తీసుకుని, తన దివ్యదృష్టితో కనిపెట్టినట్టు నాటకమాడాడు. ముందురోజు ఒకబ్బాయి వెన్ను తడిమి "మీ నాన్నతో మాటల్లేవు కదా" అన్నప్పుడు నేనూ నోరు తెరిచి చూశా. ఆ అబ్బాయీ ఫారంలో అదే రాసి ఉంటాడని నాకు తట్టనే లేదు. గుడి మెట్ల మీద చిలక జోస్యుడు నయం, ఇరవై రూపాయలతో వదిలేస్తాడు. వాడికి ముందే ఫారం నింపి ఇవ్వక్కర్లేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి పిన్ని ఫోను. "ఏందే, మీ అమ్మ పోతే బాగుండునని ఏదో మీటింగుల చెప్పినవట?" వెనక గల్లీ ఆమె, ఇంకెవరు. నేను ఫోను పట్టుకుని అమ్మ మంచం పక్కనే నిల్చున్నా. అమ్మకు మాట సరిగ్గా రాదు కానీ చెవులు బాగా వినిపిస్తాయి. పిన్నికి గొంతు తగ్గించడం రాదు.

సోమవారం పొద్దున ఆయనకు ఫోన్ చేసి డబ్బులు వాపస్ ఇమ్మన్నా, ఫారం, బొమ్మ కూడా. చాలా ప్రశాంతంగా, తేనె కారుతున్నట్టు చెప్పాడు: "మేడమ్, రిఫండ్ అడిగే ఎనర్జీలో ఉన్నారు కాబట్టే మీకు ఈ కష్టాలు. మీకు లెవెల్ 2 అవసరం. 45,000. మీకు ఐదు వేలు తగ్గిస్తా." తర్వాత వాళ్ల గ్రూపులోంచి తీసేశారు. నా గొప్ప హీలింగు అక్కడితో సమాప్తం.

ఆ మధ్యాహ్నమే 14416కు చేశా, టెలీ మానస్ నంబరు అది, కేంద్రానిది, పైసా ఖర్చు లేదు. అవతలమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. ఫారంలో రాసిన మాటే ఏడుస్తూ చెప్పా. ఏళ్ల తరబడి మంచంలో ఉన్నవాళ్లకు చాకిరీ చేసే చాలామందికి ఆ ఆలోచన వస్తుంది, అలసట అలా మాట్లాడిస్తుంది, మీరు అమ్మను ద్వేషిస్తున్నట్టు కాదు అంది. రెండు కాళ్లూ నేలకు ఆనించి, ఆ చల్లదనం తెలిసేదాకా కూర్చోమంది. డప్పుల్లేవు, చప్పట్లు లేవు. ఐదు నిమిషాలకు ఛాతీ మీది బస్తా కొంచెం జరిగింది.

ఇప్పుడు కసికొద్దీ చదువుతున్నా. ముందు చదవాల్సింది ఇప్పుడు. పోస్టర్ మీద ఏమో "5,000 ఏళ్ల రహస్య విద్య" అని ఉంది. ఆర్ట్ థెరపీ, అంటే బొమ్మలతో మనసుకు చేసే వైద్యం, ఆ మాట పుట్టిందే 1942లో. ఏడ్రియన్ హిల్ అని ఇంగ్లండు చిత్రకారుడు, టీబీ వచ్చి శానిటోరియంలో పడి ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ తేరుకున్నాడట, ఆ పేరు ఆయన పెట్టిందే. అదే ఏడు వాషింగ్టన్‌లో మేరియన్ చేస్ అనే డ్యాన్సు టీచరు మానసిక ఆస్పత్రిలో రోగులతో డ్యాన్సు ద్వారా ఇలాంటి వైద్యమే మొదలుపెట్టింది. రోగి ఎలా కదిలితే తనూ అలా కదిలేది, వాళ్లను తన దారికి లాగేది కాదు. ఒంటి ద్వారా బాధను తగ్గించే పద్ధతుల్లో బాగా పేరున్నది పీటర్ లెవిన్ అనే ఆయన పెట్టింది, అది నేర్పేవాళ్ల శిక్షణకే మూడేళ్లు పడుతుంది. అక్కడ నేర్పేది కూడా ఒక్కసారే గేట్లన్నీ ఎత్తొద్దు, కొంచెం కొంచెంగా, మనిషి తట్టుకున్నంతే అని. సాగర్ గేట్లు కూడా ఒకటొకటిగానే ఎత్తుతారు కదా. మనాయన 26 గేట్లూ ఒక్కసారే ఎత్తి, వరద వస్తే "బాగా పారుతోంది" అన్నాడు. బొమ్మ విషయంలోనూ అంతే. దాని అర్థమేంటో గీసినవాళ్లనే అడుగుతారు, "ఈ తలుపు గురించి చెప్తారా" అని. ఆయన అలా అడిగుంటే క్రేయాన్ల డబ్బా సంగతి చెప్పేదాన్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఆ తర్వాత అమ్మ గురించి నేనే చెప్పేదాన్నేమో.

కాబట్టి ఈ పద్ధతులన్నీ మోసం అనట్లేదు. ఆ అరగంట రంగులు పట్టుకోవడం బాగుందని ముందే చెప్పా. నేను అడ్డంగా దొరికింది ఆ మనిషికి.

ఇలాంటి క్యాంపులకు పోయేవాళ్లు ముందు నడిపేవాళ్ల చదువు అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆర్‌సీఐ (కేంద్రం పెట్టిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నంబరు ఉండాలి, ఆ జాబితా వెబ్‌సైటులో వెతికితే దొరుకుతుంది. కోచ్, హీలర్, మాస్టర్ అంటే ఏ నంబరూ ఉండదు. మధ్యలో ఆపొచ్చా అని ముందే అడగండి. ఆపొద్దు అంటే చెప్పులేసుకోండి. గుట్టు విప్పే మాటలు ఏ ఫారంలోనూ రాయకండి, డాక్టరుకు ఎదురుగా చెప్పుకోండి. వాళ్ల దగ్గర చెప్పింది బయటికి పోకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 23వ సెక్షనే ఉంది. డబ్బులు ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, స్క్రీన్‌షాట్లు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. నేను వేస్తున్నా. ఆ రైసుమిల్లు పెద్దాయన ఇది చూస్తే ఒకసారి ఇన్‌బాక్స్‌కు రండి సార్, సాక్ష్యం కావాలి.

డబ్బు ఇవ్వకపోయినా కనీసం ఆ బొమ్మ ఇచ్చేయమని ఇందాకే మళ్లీ మెసేజ్ పెట్టా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. రెండయింది, అమ్మను తిప్పాలి.