చేతితో చేసిన గిటార్‌కు ఏ పాలిష్? నల్గొండ ఎండల్లో వాడాక నా మాట

నా దగ్గర చేతితో చేయించుకున్న గిటార్లు మూడున్నాయి. ఒకదానికి లక్క పాలిష్, ఒకదానికి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాక్కర్, ఇంకోదానికి పీయూ (పాలీయురేథేన్) పూత. ఏళ్లుగా మూడూ నల్గొండలోనే ఉన్నాయి, మూడింటినీ వాయిస్తున్నాను. ఏది కొట్టించుకోవాలని ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఎన్‌సీ అంటాను.

ముఖ్య కారణం రిపేరు. ఎన్‌సీ ఎన్నేళ్లకైనా థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. వెనక వైపు బెల్టు బకిల్ గీసిన చోట సన్నటి బ్రష్‌తో కొద్దిగా లాక్కర్ వేసి, బాగా ఆరనిచ్చి, వాటర్ పేపర్‌తో రుద్దాను. కొత్త పూత పాతదాంట్లో కలిసిపోయింది, అతుకే తెలియలేదు. పీయూ అలా కాదు. హార్డెనర్ కలిపి కొడతారు కాబట్టి ఒకసారి గట్టిపడ్డాక కరగదు. నా పీయూ గిటార్ అంచు గోడకు తగిలి పెచ్చు లేచింది. పూడ్పించాను కానీ, వెలుతురులో పెడితే చుట్టూ గీత ఇప్పటికీ కనబడుతుంది. గీతలు పడకుండా ఉండటంలో మాత్రం పీయూనే గట్టిది.

లక్క పాలిష్ అంటే నాకు చాలా ఇష్టం. స్పిరిట్‌లో కరిగించి గుడ్డ మూటతో రుద్దే పూత, ఎంతో పలచన. క్లాసికల్ గిటార్లు చేసేవాళ్లలో చాలామంది ఇప్పటికీ దాన్నే నమ్ముకుంటారు. కానీ మన మే నెల చెమటకు ఆగదు. మోచెయ్యి ఆనే చోట జిగటగా మారి, చొక్కా నేత అచ్చు పడింది.

ఎన్‌సీని వానాకాలంలో మాత్రం కొట్టించకండి. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమ పట్టుకుని తెల్లగా మసకేస్తుంది. సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు మంచి అదను. తలుపులకు పాలిష్ కొట్టే మేస్త్రీలకు స్ప్రే గన్ మీద మంచి పట్టుంటుంది, కాకపోతే గిటార్‌కూ తలుపుకు పట్టించినంత మందం పట్టిస్తారు. పక్కనే నిలబడి పలచగా కొట్టించుకోవాలి. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక నెల, బఫింగ్ (మెరుపు వచ్చేలా రుద్దడం) చేయనివ్వొద్దు. తొందరపడితే తర్వాత పూత కుంగి చెక్క గీతలు పైకి తేలతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఎన్‌సీ పసుపు తిరుగుతుంది. నా గిటార్ తెల్లటి స్ప్రూస్ చెక్క ఇప్పుడు తేనె రంగుకొచ్చింది, నాకదే నచ్చింది.

స్టాండు విషయంలోనూ జాగ్రత్త. కొన్ని రకాల రబ్బరు, వినైల్ ఆనిన చోట ఎన్‌సీ మెత్తబడుతుంది. మెడ వెనక నల్ల మచ్చ పడ్డాక స్టాండుకు నూలు గుడ్డ చుట్టాను, మళ్లీ పడలేదు.