మడమ లేవని బూట్లు: నాలుగు సీజన్లు వాడాక

ఈ స్కీ బూట్లలో నాకు నచ్చింది ఒక్కటే, మడమ లేవదు. నాలుగు సీజన్లలో 70 రోజుల పైచిలుకు వాడాక కూడా ఆ మాట అనగలను. కాకపోతే ఇప్పుడు ఒక షరతుతో.

ఏళ్ల తర్వాత స్కీయింగ్ మళ్లీ మొదలుపెడుతూ, పాత జత అటక మీద ఉందిగా, దాంతో కానిద్దాం అనుకోవద్దు. పాలీయురేథేన్ ప్లాస్టిక్ షెల్, అంటే బూటు బయటి గట్టి డొప్ప, గాలిలోని తేమకు లోలోపలే పెళుసెక్కుతుంది, వాడకపోయినా సరే. పైకి నిగనిగలాడుతూ ఉన్నదే వాలు మధ్యలో పగిలిపోవచ్చు. పదేళ్లు దాటిన జతను నమ్మడానికి లేదు.

సైజు చూడాల్సింది లైనర్ (లోపలి మెత్తటి బూటు) తీసేశాకే. ఖాళీ షెల్‌లో కాలు పెట్టి వేళ్లను ముందు గోడకు ఆనించాలి. మడమ వెనక సందులోకి 15 మి.మీ. మందం ఉన్న గుండ్రటి కర్ర దిగితే సరి. సందు 2 సెం.మీ. దాటిందంటే షెల్ పెద్దదే. 26, 26.5 సైజులు (పాదం పొడవు సెం.మీ.లో) చాలా కంపెనీల్లో ఒకే షెల్ కాబట్టి అర సైజు పెంచితే ఒరిగేదేమీ లేదు. బకిల్స్ పెట్టుకుని నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి రావాలి. కొత్తలో బిగుతు లోపం కాదు.

లోపం 35వ రోజు ప్రాంతంలో బయటపడింది. లైనర్ ఫోమ్ అణిగిపోయి, మలుపు తీసుకునేటప్పుడు కుడి మడమ కొద్దిగా లేచేది. స్కీ అంచు ఒక్క క్షణం ఆలస్యంగా పట్టేది. అప్పుడు చేసిన తప్పు, పాదం మీది రెండు బకిల్స్‌ని ఇంకో పన్ను (మెట్టు) బిగించడం. పది నిమిషాల్లో వేళ్లు తిమ్మిరెక్కేవి, మడమ మాత్రం లేస్తూనే ఉండేది. మడమను వెనక్కి లాగి పట్టేది చీలమండ బకిల్, అంటే పైనుంచి రెండోది. ముందు అది, తర్వాత పైది, ఆపైన పిక్క చుట్టూ ఉండే స్ట్రాప్. పాదం మీది రెండూ ఊరికే మూసుకుంటే చాలు. మరీ చిన్న మార్పు కావాలంటే బకిల్ తీగను చుట్టు తిప్పి పొట్టి చేయాలి, పన్ను మార్చకూడదు.

అదీ సగమే పనిచేసింది. లైనర్ బయటివైపు, చీలమండ ఎముకకు వెనకా కిందా ఉండే గుంటలో 3 మి.మీ. ఫోమ్ ముక్కలు అతికించాక పట్టు తిరిగొచ్చింది. సరిగ్గా ఎముక మీద అతికిస్తే పుండు పడడం ఖాయం. మొదటి సీజన్లో ‘లైనర్‌కి తిరుగులేదు’ అని చాలామందికి చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గ్రిప్‌వాక్ సోల్‌తో (నడకకు వీలుగా వంపు తిరిగిన రబ్బరు అడుగు) నడక హాయిగానే ఉంది. కానీ ఐఎస్ఓ 5355 ప్రమాణపు చదునైన సోల్ కోసమే చేసిన పాత బైండింగ్‌కి (బూటును స్కీకి పట్టి ఉంచేది) ఇది పనికిరాదు, పడినప్పుడు బూటును వదలడం గతి తప్పుతుంది. బైండింగ్ గ్రిప్‌వాక్‌కి సరిపడేదై ఉండాలి. సోల్ పొడవు మి.మీ. లెక్కన మారితే బైండింగ్ మడమ భాగాన్ని జరిపించాలి. బరువు, ఎత్తు, వయసు, స్కీ చేసే తీరు చెప్పి డిన్ అంకె (బైండింగ్ ఎంత బలానికి బూటును వదలాలో చెప్పేది) కొత్తగా వేయించుకోవాలి.

నా పాదం మధ్యస్థం, సీజన్‌కు 20 రోజులు దాటను, తిరిగేది చదును చేసిన వాలుల మీదే. ఆ లెక్కన నాకు సరిపోయాయి. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లు మాత్రం కొనేముందు అరగంట తొడుక్కుని నిలబడి చూడాలి. తిమ్మిరి అక్కడే మొదలైతే, ఈ షెల్ మీది కాదు.